ఇంటివాళ్ళ ఫిర్యాదు

“ఆదివారం బండి చూడ్డానికి మనిషొస్తాడు. లోపలంతా కాస్త తుడిచిపెట్టు,” అన్నాడు మసనోరి, మిసో సూపు గిన్నెలోంచి తల ఎత్తకుండా. “ఆ తిరిగే సీటు పీకించి మామూలుది పెట్టించు. దాంతో ఎవడు కొంటాడు? ముసలివాళ్ళ బండి అంటారు.”

“అలాగే,” అంది చిజురు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆమె నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే. అత్తగారు కియో పోయి యాభై రెండు రోజులైంది. మొన్న ఆదివారమే నలభైతొమ్మిదో రోజు కర్మ ముగిసింది. అస్థికలు సమాధి చేరాయి, చుట్టాలు భోంచేసి వెళ్ళారు, అద్దెకు తెచ్చిన మెత్తలు లెక్కపెట్టి తిరిగి పంపడం కూడా అయిపోయింది. ఇక మిగిలింది బండి. అది కూడా వెళ్ళిపోతే కియో అనే మనిషి తొమ్మిదేళ్ళు నడవలేక ఉందని, ఆ తొమ్మిదేళ్ళూ ఒక మనిషి ఆమెను ఎత్తి దించిందని చెప్పడానికి ఇంట్లో ఏ ఆనవాలూ ఉండదు.

అంత్యక్రియల రోజున మసనోరి చక్కగా మాట్లాడాడు. డాక్టరుకి కృతజ్ఞతలు చెప్పాడు. తల్లికి వారానికి రెండుసార్లు స్నానం చేయించిన అమ్మాయిలకు చెప్పాడు. పువ్వులు పంపిన కాఫీ హోటలాయనకి చెప్పాడు. పక్కింటివాళ్ళకి రెండుసార్లు చెప్పాడు. మొదటి వరసలో నల్లబట్టలతో కూర్చున్న చిజురు పేరు అందులో లేదు, ఉండదని ఆమెకీ తెలుసు. నలుగురిలో సొంత పెళ్ళానికి దండం పెట్టే మగాణ్ణి నిషియో లాంటి ఊళ్ళో ఎవరూ మెచ్చుకోరు. ఇంటికొచ్చాక అతనే అన్నాడు, “నీ సంగతి వేరే చెప్పాలా, ఇంటిమనిషివి.” ఆ మాట అతను ప్రేమగానే అన్నాడు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

బుధవారం నాలుగింటికి ఫ్యాక్టరీ నుంచి రాగానే చిజురు బకెట్టు, గుడ్డ పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళింది. ముందు ఎడమ సీటు కియోది. మీట నొక్కితే తలుపు వైపుకి తిరుగుతుంది. కూర్చోబెట్టి, కాళ్ళు ఎత్తి, మళ్ళీ లోపలికి తిప్పాలి. సీటు మడతల్లో రొట్టె పొడి దొరికింది. ఎండి రాయైపోయిన తియ్యటి ఎర్ర చిక్కుళ్ళ ముద్ద దొరికింది. గోటితో గీరితే గానీ రాలేదు. సీటుని మొత్తం బయటికి తిప్పి కింద చెయ్యి పెట్టేసరికి, ఇరుసు దగ్గర వేళ్ళకి నల్లటి జిగట అంటింది. చిజురు దాన్ని బొటనవేలితో, చూపుడువేలితో నలిపి చూసింది. ముగ్గుపిండిలా గరగర తగిలింది. గ్రీజులో లోహపు పొడి కలిస్తే అలాగే ఉంటుంది. అది చూడగానే ఆమె బకెట్టు పక్కన నేలమీద కూర్చుండిపోయింది.

అత్త చచ్చిన ఆరునెలలకి కోడలి కంట నీరొచ్చిందని మనం ఎగతాళి చేస్తాం. చిజురుకి యాభైరెండో రోజున వచ్చింది. ఆ కన్నీళ్ళు ఎందుకో తెలిస్తే ఎగతాళి చేసేవాళ్ళు కూడా నోరు మూసుకుంటారు.

ఆమె ఉద్యోగం వినడం. ఆ సీటు తయారైంది ఆమె పనిచేసే ఫ్యాక్టరీలోనే. పూటకి తొంభై సీట్లు చప్పుళ్ళు చొరబడని చిన్న గదిలోకి వస్తాయి. చిజురు ఒక్కోదానిలో కూర్చుంటుంది, కళ్ళు మూసుకుంటుంది, అటు తిప్పుతుంది, ఇటు తిప్పుతుంది. కిర్రుమన్నా, టక్కుమన్నా పక్కన పెట్టిస్తుంది. యంత్రాలు పట్టుకోలేని చప్పుడు కూడా ఆమె పట్టుకుంటుంది. పదకొండేళ్ళ కిందట ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, ఇంత చెవి ఎక్కడ సంపాదించావమ్మా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఎక్కడ సంపాదిస్తుంది, అత్తారింట్లోనే. కాపురానికొచ్చిన మూడో రోజున కియో చెప్పింది, “ఈ ఇంట్లో కోడలి అడుగు వినపడకూడదు. తలుపు జరిపిన చప్పుడు వినపడకూడదు. గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు అసలే వినపడకూడదు.” చప్పుడు చెయ్యకుండా బతకాలంటే ముందు ప్రతి చప్పుడూ వినాలి. అత్తగారు పక్కమీద ఒత్తిగిలిందా, మామగారు గొంతు సవరించుకున్నారా, మొగుడు గేటు తీశాడా అని ఇరవై నాలుగు గంటలూ చెవులు రిక్కించుకుని బతికిన మనిషికి సీటు చప్పుడు ఒక లెక్కా?

మసనోరికి మాత్రం ఆ ఉద్యోగం నవ్వులాట. “కుర్చీలో కూర్చుని గిర్రున తిరగడానికి జీతమిస్తారట. నాకూ ఇప్పించు,” అనేవాడు చుట్టాల ముందు. కియో కూడా ఆ మాట అందిపుచ్చుకుంది.

కియోకి తుంటి విరిగిన తర్వాత మిగిలిన సరదా ఒక్కటే. శనివారం పొద్దున్న కాఫీ హోటలు. కాఫీ చెబితే దాంతోపాటు రొట్టె, ఉడికించిన గుడ్డు వస్తాయి. ఆ రొట్టె మీద ఎర్ర చిక్కుళ్ళ ముద్ద దట్టంగా రాసుకుని, ఎనభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు నలుగురు ఊళ్ళో సంగతులన్నీ గంటన్నర నమిలేవాళ్ళు. ఆ గంటన్నర కోసం కియో శుక్రవారం నుంచే జుట్టు దువ్వించుకునేది. తిరిగే సీటు కొన్నది కూడా అందుకే. చిజురుకి ఉద్యోగుల రాయితీ వచ్చింది.

సీటు మూడేళ్ళు బాగానే పనిచేసింది. తర్వాత ఒక ఏప్రిల్ శనివారం హోటలు వాకిట్లో కియోని బయటికి తిప్పుతుంటే సీటు కిర్ర్‌ర్‌మని అరిచింది. కిటికీ పక్కనున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. కియో మొహం ఎర్రబడింది. కూర్చున్నచోటనే నడుం వంచి, “క్షమించండి, క్షమించండి. ఎముకలు పాతబడ్డాయి,” అని అందరికీ వినపడేలా చెప్పింది.

అత్తయ్యా, అది మీ ఎముకలు కాదు, సీటు. ఈ ఒక్క మాట చెబితే సరిపోయేది. చిజురు నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంతకు ముందు శనివారం అదే హోటల్లో కియో స్నేహితురాళ్ళతో, “మా కోడలిది కూర్చునే ఉద్యోగం. ఇంటికొచ్చాక నిలబడమంటే కాళ్ళు నొప్పులంటుంది,” అంది. నలుగురూ కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు చిజురు గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. అందుకని నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. మింగినప్పుడు, నిజం చెప్పొద్దూ, తియ్యగానే ఉంది. ముప్ఫై ఏళ్ళు తన చప్పుడు తను నొక్కుకుంటూ బతికిన మనిషి, ఆ నొక్కించిన మనిషి తనది కాని చప్పుడుకి సిగ్గుపడుతుంటే ఒక్కపూట చూద్దామనుకుంది. ఒక్కపూటే అనుకుంది.

రెండో శనివారం సీటు ఇంకా గట్టిగా అరిచింది. కియో ఇంకా వంగింది. మూడోవారం చిజురు గ్రీజు రాసింది, చప్పుడు ఆగింది. “ఈ వారం ఎముకలు కుదుటపడ్డట్టున్నాయి,” అని కియో పసిపిల్లలా సంబరపడింది. పది రోజుల్లో చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి టకటకమని అదురు కూడా తోడైంది. ఏడో శనివారం జుట్టు దువ్వబోతే కియో చేతిని తోసేసింది. “నేను రానులే చిజురూ. నాలుగు వీధులకి వినపడేలా మోగుతున్నాను. నువ్వెళ్ళి రొట్టె తెచ్చిపెట్టు.”

తెచ్చిపెట్టింది. దాదాపు మూడేళ్ళపాటు ప్రతి శనివారం అట్టపెట్టెలో చల్లారిపోయిన రొట్టె తెచ్చిపెట్టింది. ఆ తర్వాత కియో ఆసుపత్రికి తప్ప బండెక్కలేదు. ఎక్కినప్పుడల్లా సీటు తిప్పకముందే క్షమించమనేది. అప్పటికైనా చెప్పొచ్చు కదా అంటారు. ఎలా చెబుతుంది? నిజం చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఒక్కపూట మౌనానికి జవాబు చెప్పుకోలేక ఇంకో పూట, దానికి జవాబు చెప్పుకోలేక ఇంకో పూట. అలా అలా ఫిబ్రవరిలో ఆవిడ పోయింది.

ఫ్యాక్టరీలో మాత్రం చెప్పింది. నెలనెలా అందరూ రాసివ్వాల్సిన సలహా కాగితంలో మూడుసార్లు రాసింది. ఇరుసు చుట్టూ ఉండే బుష్ ఒకపక్కనే అరుగుతోందని, దానికి అంచు కట్టి, లోపలి జారుడు పూతని ఆ అంచు మీదికి కూడా తేవాలని. సెక్షన్ చీఫ్ తోరీ చెడ్డవాడు కాదు. పిలిచి కూర్చోబెట్టి మరీ అడిగాడు.

“ఎక్కడ విన్నారు ఈ చప్పుడు?”

“మా ఇంటి బండిలో.”

“అయ్యో, మీ ఇంటిదా!” అని నవ్వేశాడు. ఫ్యాక్టరీలో అందరికీ ఇంటిపేరుతోనే పిలుపు. “ఇంటివాళ్ళది ఫిర్యాదు కింద రాదు సుగియురా గారూ. మనం వండుకున్న కూరలో ఉప్పు తక్కువైందని మనమే వీధిలో చాటుకుంటామా? కాస్త గ్రీజు పెంచుదాం లెండి.”

ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళెవరూ తమ ఇంట్లో ఉన్న సీటు గురించి ఫిర్యాదు చెయ్యరు. చేస్తే కన్నతల్లిని బజారుకీడ్చినట్టే. గ్రీజు పెంచారు. ఫ్యాక్టరీ దాటేలోపు ఏ సీటూ మోగలేదు. చిజురు గదిలో కళ్ళు మూసుకుని విని, బాగుందని చీటీ అంటించింది. అన్ని సీట్లకీ అంటించింది.

గురువారం షెడ్డులో సీటు పీకించింది. మెకానిక్‌ని అడిగి ఇరుసు విప్పించి బుష్ చేతిలోకి తీసుకుంది. వేలెడంత ఉంగరం. ఒకవైపు పూత కొత్తదానిలా నున్నగా ఉంది. రెండోవైపు పూత మొత్తం పోయి, కిందనున్న రాగిరంగు పొర కూడా అరిగి, ఇనుము బయటపడి ఉంది. గ్రీజు చప్పుడుని నొక్కింది గానీ అరుగుదలని ఆపలేదు. పైగా రాలిన పొడిని తనలో కలుపుకుని బుష్‌ని ఇంకా నూరింది. చిజురు దాన్ని రుమాల్లో చుట్టుకుంది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మసనోరితో చెప్పింది. ముప్ఫై ఏళ్ళలో అతనితో అంత పెద్ద మాట చెప్పడానికి నోరు తెరవడం అదే మొదటిసారి. “ఏమండీ, అత్తయ్య కాఫీ హోటలుకి వెళ్ళడం మానేసింది ఎముకల చప్పుడుకి భయపడి. అది ఎముకలు కాదు. సీటు చప్పుడు. నాకు తెలుసు. నేను చెప్పలేదు.”

అతను తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. మసనోరి చేపముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టి, నిజంగానే తెలియక తలెత్తి చూశాడు.

“ఏ చప్పుడు?”

ఆరేళ్ళు ఆ సీటు ఆ ఇంటి ముందు ఉంది. మూడేళ్ళు అరిచింది. అతను ఒక్కసారి కూడా తల్లిని అందులో కూర్చోబెట్టి తిప్పలేదు. ఎలా వినపడుతుంది? “పోయినావిడ గురించి ఇప్పుడెందుకులే. ఇంకాస్త అన్నం పెట్టు,” అన్నాడు. ఆమె పెట్టింది. ఆ ఇంట్లో ఇంకొక్క మనిషి కూడా వినని చప్పుడు అది, అత్తాకోడళ్ళిద్దరే విన్నది. ఇప్పుడు ఒక్కతే మిగిలింది.

శుక్రవారం పదింటికి, ఆ సీట్లు కొనే బండి కంపెనీ నుంచి నీమి అనే పెద్దాయన వచ్చాడు. ఆ సీట్ల మీద బయటినుంచి ఏడు ఫిర్యాదులు వచ్చాయి. తోరీ పరిష్కారం తయారుచేసి పెట్టాడు: మరింత చిక్కటి గ్రీజు. సంతకాలైతే, ఆ ఫిర్యాదులతో ఆగిపోయిన సీట్లు సోమవారం నుంచి మళ్ళీ బయల్దేరతాయి. చిజురు ఆ గదిలో ఉన్నది టీ పొయ్యడానికి. పనిగదిలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నా, అతిథులొస్తే టీ ఆమెదే.

నీమి కాగితాలు తిరగేశాడు. బల్లమీద వరసగా పరిచిన ఏడూ చిజురుకి కనిపిస్తూనే ఉన్నాయి. ఏడూ బండి యజమానుల పేర్లే. కొడుకులు, మొగుళ్ళు, ఒక అల్లుడు. ‘చప్పుడుకి చిరాగ్గా ఉంది’ అని ఒకరు, ‘అమ్మబోతే ధర తగ్గిస్తున్నారు’ అని ఒకరు. సీట్లో కూర్చున్న మనిషి మాట ఒక్కదాంట్లోనూ లేదు.

“పరీక్ష చేసేవాళ్ళకి తృప్తిగా ఉందా?” అన్నాడు నీమి.

“మా సుగియురా గారి చెవి దాటి దోమ కూడా పోదండి. ఆవిడ బాగుందన్నారు,” అన్నాడు తోరీ.

చిజురు టీ పాత్ర కింద పెట్టింది. “బాగుందని నేననలేదండీ,” అంది. “వినపడటం లేదన్నాను.” రుమాలు విప్పి బుష్ నీమి ముందు పెట్టింది.

నీమి దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. “ఒకవైపే ఇంతలా ఎలా పోయింది? పదివేలసార్లు తిప్పి చూశాం కదా.”

“బొమ్మని కూర్చోబెట్టి తిప్పారండి. బొమ్మ నిటారుగా కూర్చుంటుంది, దానికి పడిపోతానన్న భయం లేదు. ముసలావిడ అలా కూర్చోదు. పట్టుకున్న చెయ్యి ఎటువైపుంటే అటే ఒరిగిపోతుంది. ఒంటి బరువంతా అటే వేస్తుంది.” చిజురు వేలితో బుష్ అరిగినవైపు చూపించింది. “తొమ్మిదేళ్ళు పట్టుకున్నాను. ఏ వైపు వేస్తుందో నాకు తెలుసు. ఈ గ్రీజుతో నెల్లాళ్ళు నోరు మూస్తుంది, లోపల ఇలాగే అరుగుతుంది.”

నీమి బుష్‌ని కాగితాల పక్కన పెట్టాడు. “ఇది ఏ ఫిర్యాదు తాలూకుది?”

“లెక్కలోకి రాదండీ, అది వాళ్ళ ఇంటి బండిది,” అన్నాడు తోరీ ఇబ్బందిగా.

“ఫిర్యాదు కాగితం లేకపోతే నేను దీన్ని తీసుకోలేను తోరీ గారూ. ఉంటే మాత్రం సోమవారం సీట్లు ఆపాల్సిందే.”

తోరీ చెడ్డవాడు కాదని చెప్పాను కదా. క్షణం ఆలోచించి ఖాళీ కాగితం ఒకటి చిజురు ముందుకి జరిపాడు, దగ్గరికి వంగి మెల్లిగా చెప్పాడు. “మీ ఆయన పేరు, ఇవాళ్టి తేదీ వెయ్యండి. అంతే. బుష్ లెక్కలోకి వస్తుంది, మీకూ మాట రాదు.” అతని తల వెనక గోడమీద అక్షరాలు అరచేయంతున్నాయి: తప్పు చేసినవారిని మన్నిస్తాం, దాచినవారిని మన్నించం. ఆ రాత వట్టిది కాదు. రెండేళ్ళ కిందట ఒక్క ఫిర్యాదు సొరుగులో దాచినందుకు ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషిని సాయంత్రానికల్లా గేటు బయటికి పంపించారు.

మొగుడి పేరు రాస్తే అంతా సవ్యంగా జరిగిపోతుంది. సీట్లు ఆగుతాయి, ఉద్యోగం ఉంటుంది. ఆ చప్పుడు వినని మనిషి దాని మీద ఫిర్యాదు చేసినట్టు శాశ్వతంగా కాగితం మీద ఉండిపోతుంది. ఆవిడ మాత్రం ఎక్కడా ఉండదు. చిజురు పెన్ను తీసుకుంది. వాడేవారి పేరు దగ్గర సుగియురా కియో అని రాసింది. అందిన తేదీ దగ్గర మూడేళ్ళ కిందటి ఏప్రిల్ శనివారం వేసింది. అందుకున్నవారి దగ్గర తన పేరు రాసింది. తీసుకున్న చర్య అన్నచోట ఏమీ లేదు అని రాసింది. వాడేవారి మాటలు, ఉన్నవి ఉన్నట్టుగా, అన్న గడి మిగిలింది. దాన్ని చిన్న అక్షరాలతో నింపింది: క్షమించండి, క్షమించండి. ఎముకలు పాతబడ్డాయి.

తోరీ భుజం మీదుగా చదివాడు. కాగితం మీద అరచెయ్యి వేసి కప్పేశాడు.

“వద్దు సుగియురా గారూ. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఇది ఇస్తే రేపట్నుంచి మీకు ఇక్కడ పని ఉండదు. చించేస్తాను, ఇంకోటి రాయండి. మీ ఇంటివాళ్ళదేగా, ఎవరడుగుతారు?”

“ఇంటివాళ్ళదే,” అంది చిజురు. “అందుకే దాచగలిగాను.”

అతని చెయ్యి మెల్లిగా పక్కకి జరిపి, ఆ కాగితాన్ని రెండు చేతులతో నీమికి అందించింది.